కార్ఖానా మూల నుండి సొంత తాళంచెవి దాకా: సోలాపూరులో మన కిరాయి ఇండ్ల చరిత్ర

మన సంఘాల సావనీర్లలో సోలాపూర్ గురించి రాసినప్పుడల్లా చద్దర్ల గురించి, మార్కండేయ రథోత్సవం గురించి, పేరున్న కార్ఖాన్‌దార్ల గురించి రాస్తారు. రాయవలసిందే. కానీ మనలో ఎక్కువమంది కార్ఖానాలకు యజమానులు కారు. కూలికి నేసినోళ్ళు, కిరాయి గదుల్లో కాలం గడిపినోళ్ళు. వాళ్ళు ఎక్కడ పండుకున్నారు, కిరాయి ఎట్లా కట్టారు, సర్కారు ఇంటి కోసం ఎన్నేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు అనేది ఒక దగ్గర రాసి పెట్టిన కాగితం నాకు దొరకలేదు. నేను తెలుగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినోణ్ణి, పండితుణ్ణి కాదు. అయితే చేనేత సహకార సంఘం కార్యదర్శిగా సభ్యుల రిజిస్టర్లు రాసిన, పాత రిజిస్టర్లు తిరగేసిన, ఇండ్ల దరఖాస్తులు నా చేతితో చాలా నింపిన. పెద్దలు చెప్పింది, ఆ కాగితాల్లో కనపడింది, నేను కండ్లతో చూసింది కలిపి ఇక్కడ రాస్తున్న.

మన పెద్దలు సోలాపూరుకు ఎందుకు వచ్చారో చాలామందికి తెలుసు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్, మహబూబ్‌నగర్ వైపు నైజాం రాజ్యంలోని పల్లెల నుండి వచ్చారు. 1860 నాటికి బొంబాయి నుండి రైలు సోలాపూరు దాకా వచ్చింది. రైలు వస్తే మిల్లు నూలు సులభంగా దొరికింది, నేసిన చీర దూరం పోయి అమ్ముడుపోయింది. 1876 నుండి 78 దాకా దక్కన్‌లో పెద్ద కరువు. ఊర్లల్లో కొనేటోడు లేడు, తినడానికి జొన్నలు లేవు. ఒక ఇంటాయన వచ్చి కుదురుకుంటే వాని బావమరిది వచ్చె, తర్వాత మేనల్లుడు వచ్చె. అట్లా సాఖర్ పేట, భద్రావతి పేట, జోడభావి పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, మొత్తం ఊరి తూర్పు భాగం మన మాటతో నిండిపోయింది. ఇప్పటికీ అక్కడ కూరగాయల బండి దగ్గర తెలుగు మాట్లాడితే చాలు, మరాఠీ అక్కరలేదు.

వచ్చినోళ్ళు మొదటి రాత్రి ఎక్కడ పండుకున్నారు? కార్ఖానాలోనే.

ఇది అర్థం చేసుకుంటేనే తర్వాత కథంతా అర్థమైతది. కార్ఖానా అంటే ఇప్పటి ఫ్యాక్టరీ అనుకోవద్దు. ఒక పెద్ద కొట్టం, అందులో పది పదిహేను గుంత మగ్గాలు, ఒక పక్క నూలు గది, ఇంకో పక్క కార్ఖాన్‌దారు ఇల్లు. నేసేటోడు భార్యాపిల్లలతో వచ్చి తన మగ్గం పక్కన ఉన్న మూలలోనే పొయ్యి పెట్టుకునేది. పగలు ఆ జాగాలో మగ్గం ఆడేది, రాత్రి అక్కడే చాప పరిచేది. కిరాయి లేదు. వినడానికి బాగానే ఉంటది. అయితే కిరాయి తీసుకోని యజమాని ఇంకోటి తీసుకునేది. ఇంటామె పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, పిల్లలు పోగులు అతికేది. ఆ పనికి వేరే కూలి లెక్క ఎక్కడా రాసింది లేదు. మూల ఇచ్చిన కదా అన్నట్టు.

దానికి తోడు బాకీ. పెండ్లికి, పురుడుకు, చావుకు కార్ఖాన్‌దారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు. ఆ బాకీ తీరేదాకా మనిషి అక్కడి నుండి కదలరాదు. ఇంకో కార్ఖానాకు పోవాలంటే కొత్త యజమాని పాత యజమానికి ఆ బాకీ కట్టి మనిషిని తీసుకుపోవాలి. అంటే బాకీ తీరలేదు, చేయి మారింది అంతే. ఒకడు పని మానేస్తానంటే ఆ రోజు సాయంత్రానికే వాని పొయ్యి, వాని చాప, వాని పిల్లలు రోడ్డు మీద. పనీ ఇల్లూ ఒక్కడి చేతిలోనే ఉండె కాబట్టి కూలి పెంచమని గట్టిగా అడిగే ధైర్యం చాలా ఏండ్లు ఎవరికీ రాలేదు.

మా సంఘం పాత రిజిస్టర్లలో చిరునామా గడి ఒకటి ఉంటది. సభ్యుని పేరు, తండ్రి పేరు, మగ్గాలు ఎన్ని, ఆ తర్వాత చిరునామా. మొదట చేరిన సభ్యుల్లో చాలామందికి ఆ గడిలో వీధి పేరు, ఇంటి నంబరు లేవు. ఫలానా కార్ఖానా అని రాసి ఉంది. కొందరికి కార్ఖాన్‌దారు పేరే రాశారు. మనిషి ఉండే చోటును యజమాని పేరుతో చెప్పుకునే రోజులవి. సంఘం పెట్టినప్పుడు మన పెద్దలు మొదట అడిగింది నూలు అని అందరూ అనుకుంటారు. నూలుతో పాటు మగ్గం పెట్టుకోవడానికి సొంత చోటు కూడా అడిగారు. యజమాని కొట్టంలో కూర్చున్నోడు సంఘం నూలు ఎట్లా నేస్తాడు?

మిల్లులు వచ్చినంక కొందరికి ఇంకో దారి దొరికింది. సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, మనం జూనీ మిల్లు అనేది, 1870ల్లోనే మొదలైంది. తర్వాత లక్ష్మీ, విష్ణు, నర్సింగ్ గిర్జీ మిల్లులు. మిల్లులో నెల జీతం, టైముకు భోంగా. మిల్లుల వాళ్ళు కొన్ని చాళ్ళు కట్టారు. చాల్ అంటే తమిళనాడు, ఒడిశా బంధువులకు తెలియకపోవచ్చు: వరసగా ఒక్కో గది, ముందర పొడుగు వరండా, చివర నల్లా, ఇంకో చివర అందరికీ కలిపి పాయిఖానా. గదికి ఒక కుటుంబం. అందులోనే అత్త, కోడలు, మరిది, పిల్లలు. కార్ఖానా మూల కంటే మేలే, తలుపు వేసుకోవచ్చు. కానీ ఆ తలుపు తాళం కూడా పనికే కట్టి ఉండేది. పని ఉన్నన్నాళ్ళే గది. 1920లో, 1928లో, 1934లో సోలాపూర్ మిల్లుల్లో సమ్మెలు జరిగినప్పుడు చాల్‌లో ఉన్నోనికి రెండు భయాలు: జీతం పోతదని ఒకటి, గది పోతదని ఇంకొకటి. అయినా నిలబడ్డారు. ఆ మాట కూడా రాయాలె.

చాల్‌లో గది దొరకనోళ్ళు వాడాల్లో గది తీసుకున్నారు. వాడా అంటే మధ్యలో వాకిలి, చుట్టూ గదులు ఉండే పాత మరాఠా పద్ధతి ఇల్లు. మేం ఉన్నది అట్లాంటి దాంట్లోనే. పన్నెండు కుటుంబాలు, ఒక నల్లా. నాకు బుద్ధి తెలిసినప్పుడు మా నాయన నెలకు తొమ్మిది రూపాయలు కిరాయి కట్టేది. మాలక్ పావతి ఇచ్చేది కాదు. అడిగితే నమ్మకం లేదా అని కోపం. మా అవ్వ మాత్రం ప్రతి నెలా డబ్బు ఇచ్చే రోజు పక్కింటామెను సాక్షిగా తీసుకుపోయేది. చదువు రాని మనిషికి ఎంత తెలివి చూడండి.

కిరాయి గదికీ మగ్గానికీ మొదటి నుండి పడదు. గుంత మగ్గానికి నేల తవ్వాలి. ఏ మాలక్ తన నేల తవ్వనిస్తాడు? తవ్వనిచ్చినా వానకాలంలో గుంతలో నీళ్ళు ఊరి గోడ చెమ్మగిల్లితే గొడవ. పొద్దున నాలుగింటికి నాడె చప్పుడు మొదలైతే పక్క గదోళ్ళ గొడవ. పడుగు సాపి గంజి పెట్టడానికి వీధి పొడుగునా చోటు కావాలి. అందుకే కిరాయి అడిగేటప్పుడు మనోళ్ళకు రెండు రేట్లు ఉండేవి: ఉత్త కాపురానికి ఒక రేటు, మగ్గంతో కాపురానికి ఇంకో రేటు. మిగతా కూలీలకు ఇల్లు అంటే పండుకునే చోటు. మనకు ఇల్లు అంటే పని చేసే చోటు కూడా. కాబట్టి మన కిరాయిలో ఎప్పుడూ సగం మనిషికి, సగం మగ్గానికి. ఈ లెక్క ఏ సర్కారు పథకంలోనూ సరిగ్గా పట్టలేదు. దాని గురించి ముందు చెప్తా.

1947లో బొంబాయి కిరాయి చట్టం వచ్చింది. యుద్ధకాలంలో ఇండ్లు దొరక్క మాలకులు ఇష్టమొచ్చినట్టు పెంచుతుంటే, 1940 సెప్టెంబర్ 1న ఎంత కిరాయి ఉండెనో దాన్నే ఆధారంగా పెట్టి కట్టడి చేశారు. కారణం లేకుండా ఖాళీ చేయించరాదన్నారు. ఈ చట్టం లేకపోతే మన తూర్పు భాగం ఊరి బయటకు ఎప్పుడో పోయేది. దీని దయవల్లే ఒకే గదిలో మూడు తరాలు బతికాయి. అయితే ప్రతి చట్టానికి ఒక వెనుక తలుపు ఉంటది. కిరాయి పెంచే వీలు లేకపోయేసరికి మాలకులు పగడీ అడగడం మొదలుపెట్టారు. అంటే గదిలో అడుగు పెట్టేముందే ఒక పెద్ద మొత్తం చేతిలో పెట్టాలి. ఆ పగడీ కోసం మనోళ్ళు మళ్ళీ పోయింది కార్ఖాన్‌దారు దగ్గరికే, మళ్ళీ బాకీ. ఇంకో పక్క, తొమ్మిది రూపాయల కిరాయికి ఏ మాలక్ కప్పు బాగు చేయిస్తాడు? కప్పు కారుతుంటే సొంత ఖర్చుతో రేకులు వేసుకున్నాం. మాలక్‌ది ఇల్లు, మాది మరమ్మతు. తర్వాత 1999లో మహారాష్ట్ర మొత్తానికి కొత్త చట్టం చేశారు, 2000 మార్చి 31 నుండి అమలు. ఏడాదికి 4 శాతం పెంచుకోవచ్చన్నారు. అందులోనే లీవ్ అండ్ లైసెన్స్ అనే పద్ధతికి పెద్ద తలుపు తెరిచారు. ఇప్పుడు కొత్తగా గది తీసుకునేటోడు 11 నెలల కాగితం మీద సంతకం పెడతాడు. వానికి పాత కిరాయిదారుకు ఉన్న రక్షణ లేదు. 11 నెలలు కాగానే ఎంతంటే అంత, లేదంటే ఖాళీ. ఒకే వాడాలో ఒక గదిలో పాత కిరాయికి ముసలాయన, పక్క గదిలో దానికి ఎన్నో రెట్లు కట్టే పడుచు జంట. ఇద్దరూ నేసేది ఒకే రకం టవల్.

ఇక సర్కారు ఇండ్ల సంగతి. స్వరాజ్యం వచ్చినంక కార్మికులకు ఇండ్లు కట్టాలన్న ఆలోచన గట్టిగానే వచ్చింది. 1948లో బొంబాయి హౌసింగ్ బోర్డు చట్టం చేశారు. 1952లో కేంద్రం పారిశ్రామిక కార్మికులకు సబ్సిడీ ఇండ్ల పథకం పెట్టింది. మంచి పథకమే. కానీ దానికి అర్హుడు ఎవడు? ఫ్యాక్టరీల చట్టం కింద వచ్చే ఫ్యాక్టరీలో, లేదంటే గనిలో పని చేసేటోడు. ఆ చట్టం లెక్కలో కరెంటుతో నడిస్తే పది మంది, కరెంటు లేకుండా నడిస్తే ఇరవై మంది ఉంటేనే ఫ్యాక్టరీ. మన గుంత మగ్గాల కొట్టం ఆ లెక్కలోకి రాదు. తర్వాత మరమగ్గాలు వచ్చినప్పుడు కార్ఖాన్‌దార్లు ఒక్క కొట్టాన్నే అన్న పేరున కొన్ని మగ్గాలు, తమ్ముని పేరున కొన్ని, భార్య పేరున కొన్ని అని కాగితం మీద ముక్కలు చేశారు. మనిషి నలభై మగ్గాల మధ్య నిలబడి పని చేస్తున్నా కాగితం మీద ఐదుగురున్న దుకాణంలో పని చేస్తున్నట్టు. హాజరు పట్టిక లేదు, పీఎఫ్ లేదు, పని చేస్తున్నట్టు చీటీ లేదు. చీటీ లేనోడు కార్మికుడు కాడు, కార్మికుడు కానోనికి కార్మికుల ఇల్లు లేదు.

ఇండ్ల విషయంలో మన చరిత్రకు అసలు ముడి ఇక్కడుందని నా అభిప్రాయం. మనోళ్ళకు అర్హత లేక ఇల్లు రాకపోవడం కాదు, అర్హత చూపించే కాగితం ఎవరూ ఇవ్వలేదు.

చేనేతకు వేరేగా కొన్ని చేశారు. 1953లో మిల్లు బట్ట మీద సెస్సు వేసి చేనేత కోసం నిధి పెట్టారు. ఆ డబ్బుతో దేశంలో కొన్నిచోట్ల సహకార సంఘాల ద్వారా నేతకారుల కాలనీలు లేచాయి. 1985-86లో కేంద్రం వర్క్‌షెడ్ కమ్ హౌసింగ్ పథకం తెచ్చింది, అంటే మగ్గానికి షెడ్డు, మనిషికి ఇల్లు రెండూ కలిపి. ఆ పేరు వింటేనే నాకు సంతోషమైంది, ఎవరో మన సంగతి తెలిసినోడే రాసి ఉంటాడు అనుకున్న. పల్లెల్లో సొంత జాగా ఉన్న నేతన్నలకు అది పనికొచ్చింది. పట్నంలో? స్థలం మీ పేరున ఉందా అన్నది మొదటి ప్రశ్న. సోలాపూరులో జాగా సొంతముంటే కిరాయి గదిలో ఎందుకుంటం? ఒక ఆఫీసులో మా సభ్యుల దరఖాస్తులు పట్టుకుని నిలబడితే అక్కడి గుమాస్తా ఒక్కొక్కటే తిరగేసి జాగా కాగితం లేనివన్నీ పక్కన పెట్టాడు. పక్కన పెట్టిన కుప్పే ఎత్తుగా ఉండె. ఆయన తప్పు కాదు, రూలు అట్లా ఉంది.

అయితే మన ఇండ్లల్లో ఒక కాగితం దొరికింది, అదీ ఆడవాళ్ళ దగ్గర.

మగ్గాల కూలి తగ్గినకొద్దీ, కండెలు చుట్టే పని యంత్రం మీదికి పోయినకొద్దీ మన ఆడవాళ్ళు విడి చుట్టడానికి కూర్చున్నారు. బీడీని మేం సోలాపూరులో విడి అనే అంటం. పొద్దున బ్రాంచికి పోయి ఆకు, తంబాకు, దారం తెచ్చుకోవడం, ఇంట్లో కూర్చుని చుట్టడం, మర్నాడు కట్టలు అప్పజెప్పడం. ఆకు తక్కువిస్తే సొంత డబ్బుతో కొనాలి, కట్ట బాగాలేదని బ్రాంచిలో తీసి పారేస్తే కూలి కోత. ఒళ్ళు హూనమయ్యే పని. నడుములు వంగిపోయాయి, దగ్గు పట్టింది. దాన్ని గొప్పగా చెప్పను. కానీ 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేటామెను కూడా కార్మికురాలిగానే లెక్కలోకి తీసుకుంది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీల మీద సెస్సు, ఆ డబ్బుతో దవాఖాన, పిల్లల స్కాలర్‌షిప్, ఇండ్లకు సాయం. వాటన్నిటికీ ఒక గుర్తింపు కార్డు. ఫొటో అంటించి, సంతకమో వేలిముద్రో వేయించి ఇచ్చే కార్డు.

ఇంట్లో మగ్గం మీద నలభై ఏండ్లు కూర్చున్న మగమనిషికి ఏ చీటీ లేదు. చాప మీద కూర్చుని విడి చుట్టే ఇంటామెకు కార్డు ఉంది. హైదరాబాద్ రోడ్డు మీద విడి ఘర్కుల్ అనే బస్తీ ఉందంటే దాని పేరులోనే సంగతంతా ఉంది. ఘర్కుల్ అంటే మరాఠీలో చిన్న ఇల్లు. నేతన్నల కులం ఉండే బస్తీకి విడి పేరు ఎందుకు వచ్చిందని బయటోళ్ళు అడుగుతారు. ఇల్లు తెచ్చింది విడి కార్డు కాబట్టి.

తర్వాత వచ్చింది కుంభారి. సోలాపూరుకు తూర్పున దక్షిణ సోలాపూర్ తాలూకాలో ఉన్న గ్రామం. మన తెలుగువాడే అయిన నర్సయ్య ఆడం, ఊరంతా ఆడం మాస్టర్ అంటారు, 1978లో, 1995లో, 2004లో సోలాపూర్ నుండి ఎమ్మెల్యేగా గెలిచిన నాయకుడు, ఆయన ముందుండి విడి కార్మిక స్త్రీలతో సహకార గృహ సంఘం పెట్టించారు. దాని పేరు గోదూతాయి పరులేకర్ పేరున. ఠాణే జిల్లాలో వార్లీ ఆదివాసుల కోసం పోరాడిన గోదావరి పరులేకర్ ఆమె. రాజకీయంగా ఎవరి పక్షం వాళ్ళది, అది ఈ వ్యాసంలో అక్కరలేదు. కానీ పద్ధతి చూడండి. కేంద్రం ఒక వాటా, రాష్ట్రం ఒక వాటా, కార్మికురాలు ఒక వాటా. ఆ మూడో వాటా కోసం ఆడవాళ్ళు విడి కూలిలో నుండి రూపాయి రూపాయి తీసి కట్టారు. మధ్యలో ఎన్ని మోర్చాలో, ఎన్నిసార్లు ఎండలో కలెక్టరు కచేరీ ముందు కూర్చున్నారో ఆ ఇంటోళ్ళనడిగితే చెప్తారు. నమ్మనోళ్ళు కూడా చాలామంది ఉండిరి. ఊరవతల బీడు భూమిలో ఇల్లా, డబ్బులు మునిగినట్టే అని వాడా వాకిట్లో కూర్చున్న మగోళ్ళు నవ్వేది. 2006 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి పదివేల ఇండ్ల తాళంచెవులు అప్పజెప్పే కార్యక్రమం జరిగింది. పదివేల ఇండ్లు ఒకేచోట, ఆడవాళ్ళ పేర్ల మీద.

నేను అక్కడికి మొదటిసారి పోయినప్పుడు చూసింది తలుపు మీద పేర్లు. కార్ఖానా రిజిస్టరులో యజమాని పేరున్న గడి గుర్తుకొచ్చింది. ఇక్కడ తలుపు మీద ఇంటామె పేరు, మొగుడు పేరు తర్వాత. విడి పని మానేసినా, ఇంకో కంపెనీకి పోయినా, ఏ పనీ చేయక ఇంట్లో కూర్చున్నా ఆ ఇల్లు పోదు. పనికీ కప్పుకీ ముడి తెగిపోయిన మొదటి చోటు అది. తాగొచ్చి కొట్టే మొగుడు కూడా ఆ ఇంట్లో కొంచెం గొంతు తగ్గించాడని ఆడవాళ్ళే చెప్పుకుంటారు, నవ్వుకుంటూ చెప్పుకుంటారు.

ఆ తర్వాత దాని కంటే పెద్దది రాయ్‌నగర్. కుంభారిలోనే, ముప్పై వేల ఇండ్లు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్నపు పథకం కింద. ఇందులో విడి కార్మికులతో పాటు చేనేత, మరమగ్గాల కార్మికులు, కాగితాలు ఏరుకునేటోళ్ళు, డ్రైవర్లు, వీధుల్లో అమ్ముకునేటోళ్ళు కూడా లబ్ధిదారులు. 2019 జనవరిలో ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు, 2024 జనవరి 19న మొదటి పదిహేను వేల ఇండ్లు ఆయన చేతుల మీదుగానే ఇచ్చారు. చిన్నప్పుడు తనకు ఇట్లాంటి ఇల్లు ఉంటే ఎంత బాగుండు అని చెప్తూ ఆయన గొంతు పూడుకుపోవడం టీవీలో అందరూ చూశారు. ఇద్దరు ప్రధానులు, రెండు పార్టీలు, అడిగిన కూలోళ్ళు మాత్రం అవే గల్లీలోళ్ళు.

మరమగ్గం మీద పని చేసే మగోనికి తన పని పేరుతో సర్కారు ఇల్లు దొరకడం నాకు తెలిసినంతలో సోలాపూరులో ఈ దెబ్బకే ఇంత పెద్ద ఎత్తున జరిగింది. 1952 పథకం నుండి లెక్కపెడితే డెబ్బై ఏండ్లు.

ఇప్పుడు మగ్గం సంగతి చెప్తానన్నాను కదా. ఈ అపార్ట్‌మెంట్ ఇండ్లల్లో మగ్గానికి చోటు లేదు. గది, వంటిల్లు, బాత్‌రూమ్, మనిషికి సరిపోతది. పై అంతస్తులో గుంత ఎక్కడ తవ్వుతావ్? ఫ్రేము మగ్గం పెట్టినా చప్పుడుకు కింది ఇంటోళ్ళు ఊరుకుంటరా? నా సంఘంలో చేనేత సభ్యులు రెండు రకాలుగా చీలిపోయారు. ఇల్లు తీసుకుని మగ్గం వదిలేసినోళ్ళు కొందరు. మగ్గం కోసం ఊర్లో కిరాయి గది ఉంచుకుని, కుటుంబాన్ని కుంభారికి పంపి, రోజూ బస్సులో తిరిగేటోళ్ళు కొందరు. వాళ్ళకు సొంత ఇల్లు వచ్చినా కిరాయి తప్పలేదు, మగ్గం కిరాయి. ఇండ్లు ఇచ్చిన పథకం మీద నాకు ఫిర్యాదు లేదు. ముప్పై వేల ఇండ్లు కట్టగలిగినోళ్ళు ఒక్కో వీధికి ఒక ఉమ్మడి మగ్గాల షెడ్డు కూడా కట్టగలరు. నేల మీద, వెలుతురు వచ్చేటట్టు, పడుగు సాపడానికి పొడుగు చోటు ఉండేటట్టు. ఫెడరేషన్ వాళ్ళు ఈసారి అడిగేటప్పుడు ఇల్లు, షెడ్డు రెండూ ఒకే కాగితంలో అడగాలని నా మనవి. విడివిడిగా అడిగితే విడివిడిగానే మరిచిపోతారు.

సోలాపూర్ ఒక్కటే చెప్తే భివండీ, ముంబై బంధువులు ఒప్పుకోరు. భివండీ పద్మానగర్‌లో మన కుటుంబాలు ఉన్నాయి గానీ, ఊరి నుండి ఒంటరిగా పోయిన కుర్రోళ్ళు మరమగ్గాల షెడ్డులోనో, షిఫ్టుల లెక్కన ఒకే గదిలో పది మందో పండుకుని, బిస్సీలో తిని బతుకుతారు. వీని షిఫ్టు అయితే వాడు లేచి పోవాలి, ఇతను ఆ చాప మీదనే పండుకోవాలి. నూరేండ్ల కింద సోలాపూర్ కార్ఖానా మూల ఎట్లుండెనో చూడాలంటే అక్కడ చూడొచ్చు. ముంబైలో 1982 సమ్మె తర్వాత మిల్లులు మూతబడితే, మిల్లు భూముల్లో కార్మికులకు ఇండ్లు అని పోరాడి పోరాడి, 2012లో మ్హాడా లాటరీ తీసింది. అందులోనూ పాత సర్వీసు కాగితం ఉన్నోడే దరఖాస్తు పెట్టగలిగాడు. బదిలీ కార్మికునిగా చేసి కాగితం దాచుకోనోడు ఊరికి పోయాడు.

ఈ కాగితాల మాట మళ్ళీ మళ్ళీ చెప్తున్ననని చదివేటోళ్ళకు విసుగు రావచ్చు. కానీ కార్యదర్శిగా నేను చూసింది అదే. మా దగ్గరికి ఇంటి కోసం వచ్చేటోళ్ళలో సగం మంది ఆదాయం తక్కువై కాదు, కాగితం లేక వెనక్కి పోతారు. ఆవాస్ యోజనలో దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేదని రాసివ్వాలి. ఊర్లో అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో పేరు ఉంటే అక్కడే చిక్కు. కాబట్టి పంపకం కాగితం ముందే చేయించుకోవాలి. మ్హాడాలో అయితే గత ఇరవై ఏండ్లలో పదిహేను ఏండ్లు మహారాష్ట్రలో ఉన్నట్టు డొమిసైల్ కావాలి. మూడు తరాల నుండి ఇక్కడే పుట్టి పెరిగినోనికి కూడా అది చూపించే కాగితం ఉండదు, ఎందుకంటే కిరాయి గది పావతి లేదు, కరెంటు బిల్లు మాలక్ పేరున, రేషన్ కార్డు ఒకప్పుడు ఊర్లోనే ఉంచుకున్నాడు. ఊర్లో అడిగితే మీరు సోలాపూరోళ్ళు అంటరు, ఇక్కడ అడిగితే మీరు తెలంగాణోళ్ళు అంటరు.

అందుకని పిల్లల బడి దాఖలా పారేయకండి. కిరాయి డబ్బు చేతికి ఇవ్వడం మానేసి ఫోన్‌లోనో బ్యాంకులోనో వేయండి, అదే పావతి అయితది. 11 నెలల అగ్రిమెంటు రిజిస్టరు చేయించండి, ఖర్చైనా సరే. చేనేత గణన జరిగినప్పుడు పేరు రాయించుకుని కార్డు తీసుకోండి. మరమగ్గాల కూలోళ్ళు వారం వారం ఇచ్చే కూలి చీటీని, ఎంత చిన్నదైనా, ఒక సంచిలో దాచండి. దరఖాస్తు ఇంటామె పేరు మీద పెట్టండి. మగోళ్ళకు చిన్నతనంగా ఉంటే కుంభారికి ఒకసారి పోయి తలుపుల మీద పేర్లు చదివి రండి.

మా సంఘంలో ఈ ఏడు రిజిస్టరు కొత్తగా రాస్తున్నాం, పాతది చెదలు పట్టింది. చిరునామా గడిని ఈసారి రెండు గడులు చేసిన: ఉండే చోటు ఒకటి, నేసే చోటు ఒకటి. రాసిన పేజీల్లో రెండు గడుల్లోనూ ఒకే చిరునామా ఉన్నోళ్ళు చాలా తక్కువ. నేసే చోటు గడిలో ఎక్కువ మందికి ఇంకా కిరాయి అనే రాసి ఉంది.